అడవి వయొలెట్లు మన ఎర్రనేలలో బతుకుతాయా? రత్నపురుష పెంపకంపై ఒక ప్రశ్న, కొన్ని జవాబులు

ప్రశ్న – కావలి నుంచి

అందరికీ నమస్కారం. మా ఇల్లు కావలి శివారులో ఉంది. ఇంటికి తూర్పు వైపున, దక్షిణం వైపున కొంత ఖాళీ జాగా ఉంది. నేల ఎర్రగరప, జానెడు లోతు తవ్వేసరికి గులకరాళ్లు తగులుతాయి. ఒక మూల పెద్ద వేపచెట్టు ఉంది. దాని నీడ పడే మేర తప్ప మిగిలిన జాగా అంతా సాయంత్రం దాకా ఎండలోనే ఉంటుంది. బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి. మందారాలు, నందివర్ధనాలు ఆ నీళ్లకు అలవాటు పడ్డాయి గానీ, కొంచెం సున్నితమైన మొక్క ఏది పెట్టినా ఆకుల అంచులు మాడిపోతున్నాయి.

చలిదేశాల వాళ్లు పెరట్లో అడవి వయొలెట్లను చెట్ల కింద నేలంతా పరచుకునేలా పెంచుకుంటారని చదివినప్పటి నుంచి నాకు అలాంటిదే ఒకటి పెంచాలని ఉంది. నర్సరీల్లో చలికాలంలో అమ్మే పాన్సీలు సంక్రాంతికి కుండీల నిండా పూస్తాయి, శివరాత్రి దాటేసరికి ఎండిపోతాయి. ఏటా కొని ఏటా పారేసే మొక్క కాకుండా, ఈ నేలకు చెందినదై, ఇక్కడే పుట్టి ఇక్కడే విత్తనం రాల్చుకునే వయొలెట్ ఏదైనా ఉందా అన్నది నా ప్రశ్న. రత్నపురుష ఆ కుటుంబానికి చెందినదేనని ఒక పెద్దాయన చెప్పారు. అది నిజమేనా? నిజమైతే దానిని ఎండలో పెంచాలా, వేపచెట్టు నీడలోనా? విత్తనం ఎలా సంపాదించాలి? ఎరువు ఎంత వేయాలి? అది నేలను కప్పుతుందా? మూలికల అంగడిలో ఎండు రత్నపురుష దొరుకుతుంది గానీ, అందులో మొలిచే గింజ ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

జవాబు – నెల్లూరు నుంచి (కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను)

మీకు చెప్పిన పెద్దాయన మాట నిజమేనండీ. రత్నపురుష, కొన్ని ఊళ్లలో నీలకొబ్బరి అనే ఈ చిన్న మొక్క వయొలెట్ల కుటుంబమైన వయోలేసిలోదే. 1753లో లినేయస్ దీనికి వయోలా ఎన్నియాస్పెర్మా అని పేరుపెట్టి నేరుగా వయొలెట్ల ప్రజాతిలోనే చేర్చాడు. 1876లో ముల్లర్ అనే శాస్త్రవేత్త దీనిని హైబాంథస్ ప్రజాతిలోకి మార్చాడు. ఈ మధ్య కొందరు పిజియా అనీ, మరికొందరు ఆఫ్రోహైబాంథస్ అనీ రాస్తున్నారు. మీరు విత్తనం కోసమో ఫొటోల కోసమో వెతికేటప్పుడు ఈ పేర్లన్నీ ఒకే మొక్కవని గుర్తుంచుకుంటే చాలు. ఆఫ్రికా నుంచి మన దేశం మీదుగా ఆస్ట్రేలియా వరకు వేడి ప్రాంతాల్లో సహజంగా పెరిగే మొక్క ఇది. కాబట్టి మన జిల్లాలో దీనిని బతికించడానికి ప్రత్యేకంగా ఏ చల్లదనమూ కల్పించనక్కర్లేదు.

అసలు వయోలా ప్రజాతి మొక్కలు మన దేశంలో లేకపోలేదు. హిమాలయాల్లోనూ, దక్షిణాన నీలగిరుల వంటి ఎత్తయిన కొండల్లోనూ వయోలా పైలోసా, వయోలా బెటోనిసిఫోలియా వంటివి సహజంగానే పెరుగుతాయి. అయితే అవి చల్లని, తేమగల, ఆకుమట్టి నిండిన నేలకు అలవాటుపడ్డవి. మే నెలలో పగలు 40 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్క తగ్గని కావలిలో వాటిని నేలలో నిలబెట్టాలనుకోవడం మొక్కకూ శ్రమ, మీకూ శ్రమ. యూనానీ వైద్యులు బనఫ్షా అనే వయోలా ఒడొరాటా సంగతీ అంతే. ఇక ఆఫ్రికన్ వయొలెట్ అని కుండీల్లో అమ్మేది అసలు ఈ కుటుంబానికే చెందదు. అది టాంజానియా వైపు కొండల మొక్క, దాని కుటుంబం గెస్నెరియేసి. ఇది చెప్పడం ఎందుకంటే, వయొలెట్ అన్న పేరు చూసి కొన్నవారు తరువాత రత్నపురుషను చూసి ‘ఇదేం వయొలెట్?’ అని పెదవి విరుస్తుంటారు.

పూవును దగ్గరగా చూస్తే ఆ అనుమానం తీరుతుంది. ఆకు మొదట్లోంచి దారమంత సన్నని కాడ వస్తుంది, దాని చివర ఒక్కటే పువ్వు ఉంటుంది. అయిదు రేకుల్లో నాలుగు చిన్నవి. అవి పైన కనీకనిపించకుండా ముడుచుకుని ఉంటాయి. అయిదవ రేకు మాత్రం సన్నని కాడతో మొదలై కిందికి పారలాగ వెడల్పుగా పరచుకుంటుంది. దూరం నుంచి చూసినవారికి ఒకే రేకు ఉన్న పువ్వని అనిపిస్తుంది. రంగు గులాబీ కలిసిన ఊదా, గొంతు దగ్గర కాస్త ముదురుగా ఉంటుంది. వయోలా పూలలో కింది రేకు వెనక మకరందం దాచే కొమ్ము ఉంటుంది, దీనిలో ఆ చోట చిన్న ఉబ్బు మాత్రమే కనిపిస్తుంది. మొక్క సాధారణంగా జానెడు నుంచి మూరెడు లోపు పెరుగుతుంది. ఆకులు సన్నగా, పొడవుగా, దాదాపు కాడ లేకుండా ఉంటాయి. పువ్వు లేనప్పుడు గడ్డిలో దీన్ని పోల్చుకోవడం అలవాటైన కళ్లకు కూడా కష్టమే. అందుకని పూత మీద ఉన్నప్పుడే చోటు గుర్తుపెట్టుకోండి.

జవాబు – ఉదయగిరి వైపు నుంచి

మాకు మెట్ట పొలం ఉంది. గట్ల మీద, పశువులు మేసే బీళ్లలో, ఎర్రగరప నేలల్లో గడ్డి మధ్య ఈ మొక్క దానంతట అదే వస్తుంది, అందుచేత పెంపకం సంగతి నేను చెబుతాను. మీ నేల గురించి రాసినది చదివితే, దానిని బాగుచేయాలన్న ఆలోచన మానుకోవడమే మీరు చేయవలసిన మొదటి పని అనిపించింది. పశువుల ఎరువు, వర్మీకంపోస్టు బాగా వేసిన పాదులో రత్నపురుష ఆకు మీద ఆకు వేసి మెత్తగా సాగుతుంది, నాలుగు రోజులు ముసురు పట్టగానే మొదలు కుళ్లి పడిపోతుంది. బక్కనేలలో పుట్టినది పొట్టిగా, గట్టిగా, కొమ్మకొమ్మకూ పూస్తుంది. మీరు గులకరాళ్ల గురించి బాధపడుతున్నారు గానీ, నీరు నిలవకుండా ఇంకిపోవడానికి ఆ గులకరాళ్లే అవసరం.

విత్తనం విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే ఓడిపోతారు. కాయ బఠాణీ గింజకన్నా చిన్నది, గుండ్రంగా ఉంటుంది. పచ్చగా ఉన్నప్పుడు కోస్తే లోపలి గింజ ముదరదు. పచ్చదనం పోయి గడ్డిరంగుకు తిరిగాక, ఎండ ముదిరిన వేళ కాయ మూడు పలకలుగా విచ్చుకుంటుంది. ఒక్కొక్క పలక చిన్న దోనె ఆకారంలో ఉంటుంది, అందులో గింజలు వరుసగా కూర్చుని ఉంటాయి. పలక ఎండే కొద్దీ దాని రెండు అంచులూ దగ్గరకు వచ్చి గింజను నొక్కుతాయి, నొక్కగా నొక్కగా గింజ చిటుక్కున ఎగిరి దూరంగా పడుతుంది. కాయ విచ్చుకున్న మరుసటి రోజు వెళితే మీకు దొరికేది ఖాళీ పలకలే. అందుకని రంగు తిరుగుతున్న కాయల కొమ్మకు పలుచని నూలుగుడ్డతో చిన్న సంచి కట్టి, నోరు దారంతో బిగించి వదిలేయండి. పాలిథిన్ కవరు కడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. గింజ లేత పసుపు కలిసిన తెలుపుగా ఉంటుంది, దానిమీద నిలువు చారలు వేలికి తగులుతాయి.

ఈ గింజలు కోసిన వెంటనే బాగా మొలవవు. మొలక శాతం తక్కువని, గింజకు నిద్ర ఎక్కువని ప్రయోగశాలల్లో పనిచేసేవారు కూడా అంటారు. అక్కడ జిబ్బరెల్లిక్ ఆమ్లంలో నానబెట్టి మొలిపిస్తారు గానీ మన పెరటికి అంత అవసరం లేదు. గింజలో సగం కాగితం పొట్లంలో కట్టి నీడపట్టున దాచండి, మిగతా సగం చలికాలంలోనే మీరు కావాలనుకున్న చోట నేలపైన చల్లి వదిలేయండి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు ఆ గింజ మీద నుంచి పోవాలి. ఆ తరువాత తొలకరి వానకు కొన్ని లేస్తాయి, చిత్త స్వాతి కార్తెల వానలకు మరికొన్ని లేస్తాయి. మన జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే కురుస్తుంది కాబట్టి, మిగతా కోస్తా జిల్లాల పుస్తకాల్లో రాసినట్టు జూన్‌లోనే అంతా మొలవాలని చూడకండి. దాచిన సగాన్ని వినాయక చవితి తరువాత, మెత్తని ఇసుకలో కలిపి చల్లండి. మీద మట్టి కప్పనక్కర్లేదు, చేత్తో ఒకసారి తట్టితే చాలు.

నారు పోసి తీసి నాటే పద్ధతి దీనికి నప్పదు. తల్లివేరు మొక్క ఎత్తుకు మించి లోతుకు పోతుంది, అది తెగితే మొక్క కోలుకోవడం కష్టం. తప్పనిసరిగా మార్చవలసి వస్తే కొబ్బరిపీచు కుండీలోనో, కాగితం గొట్టంలోనో మొలిపించి, నాలుగు ఆకులప్పుడే గొట్టంతో సహా భూమిలో పెట్టండి.

జవాబు – ఒంగోలు నుంచి

ఉదయగిరి వారు చెప్పినది ఎర్రనేలకు అక్షరాలా సరిపోతుంది. మా వైపు నల్లరేగడి వారికోసం నాలుగు మాటలు చేర్చాలి. రేగడి వానకు ఉబ్బి నీటిని పట్టుకుంటుంది, ఎండకు నెర్రెలిచ్చి వేళ్లను తెంపుతుంది. రెండూ ఈ మొక్కకు పడవు. అలాంటి నేల ఉన్నవారు మోకాలి ఎత్తు అరుగు కట్టి ఎర్రమట్టి, ముతక ఇసుక చెరిసగం నింపుకోవాలి, లేదంటే లోతైన మట్టికుండీల్లో పెంచుకోవాలి. వెడల్పు కుండీ కన్నా లోతు కుండీ ముఖ్యం. అడుగు రంధ్రం మీద పెంకు ముక్క పరచడం మరవకండి.

కావలి వారి ఉప్పునీటి గురించి ఎవరూ చెప్పలేదు. ఇంత చిన్న మొక్కకు వేసవిలో రోజూ బోరు నీళ్లు పోస్తూ పోతే, నీరు ఆవిరై ఉప్పు పైమట్టిలో మిగులుతుంది. తెల్లని పొర కనిపించిందంటే అదే. రత్నపురుషకు వేసవిలో నీరు మానేయడమే మంచిది. పైన కొమ్మలు ఎండినా అడుగున కర్రబారిన మొదలు బతికే ఉంటుంది, వానకు మళ్లీ చిగురిస్తుంది. పూతకాలంలో వాన ముఖం చాటేస్తే, మిద్దె మీది వాననీటిని డ్రమ్ములో పట్టుకుని వారానికి ఒకసారి మొదలు తడిసేలా పోయండి.

నీడ విషయంలో నా అభిప్రాయం ఇది: వేపచెట్టు కిందికి పోకండి. కొందరు వయొలెట్ అనగానే నీడ మొక్క అనుకుంటారు. అది చలిదేశపు అడవి నేల మీద పెరిగే వయోలా సంగతి. మన రత్నపురుషకు పూత కావాలంటే కనీసం పూట ఎండ తగలాలి. వేప కొమ్మల చివర్ల నుంచి బయటికి, ఉదయపు ఎండ నేరుగా పడి మధ్యాహ్నం తరువాత పలుచని నీడ వచ్చే తూర్పు వైపు చోటు మీకు ఉంటే అంతకన్నా మంచి చోటు లేదు.

జవాబు – కందుకూరు నుంచి

మొక్క లేచాక మీరు చూడబోయే ఒక సంగతి ముందే చెబితే మందుసీసా తెరవకుండా ఉంటారు. రత్నపురుష పెట్టిన కొన్నాళ్లకు, కొమ్మల మీద ఎరుపు కలిసిన గోధుమరంగులో, ఒంటినిండా కొమ్మలు వేసిన ముళ్లతో గొంగళిపురుగులు కనిపిస్తాయి. చూడటానికి భయంగా ఉన్నా అవి టానీ కోస్టర్ అనే నారింజరంగు సీతాకోకచిలుక పిల్లలు. మన పొలాల గట్ల మీద, తుప్పల మీద, నేలకు రెండు మూడు అడుగుల ఎత్తులో తొందర లేకుండా ఎగురుతూ పోయే, రెక్కల మీద నల్ల చుక్కలుండే సీతాకోకచిలుక అదే. పిట్టలకు దాని రుచి పడదు. పట్టుకుంటే పసుపురంగు ద్రవం చిమ్మి, చచ్చినట్టు పడి ఉంటుంది. దాని శాస్త్రనామం అక్రియా టెర్ప్సికోరె. చాలాకాలం అక్రియా వయోలే అని పుస్తకాల్లో రాసేవారు, వయోలేసి మొక్క మీద పెరిగే పురుగుకు ఆ పేరు బాగానే కుదిరింది.

ఈ సీతాకోకచిలుక ఇటీవలి దశాబ్దాల్లో మన ఉపఖండం నుంచి ఆగ్నేయాసియా మీదుగా తూర్పుకు పాకుతూ పోయి 2012లో ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో కనిపించింది. అక్కడ కూడా అది ఎంచుకున్న ఆహారం ఈ రత్నపురుషే.

మొక్కలు నాలుగైదే ఉంటే పురుగులు కొద్దిరోజుల్లో వాటిని మోడు చేస్తాయి. అప్పుడు వేపనూనె కూడా కొట్టకండి. మన కంచెల మీద పాకే, కాయ చుట్టూ పచ్చని వలలాంటి తొడుగు ఉండే జుమికి తీగ ఎక్కడైనా చూసి ఉంటారు; దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ పాషన్‌ఫ్లవర్ కలుపు తీగను కూడా ఈ పురుగులు ఇష్టంగా తింటాయి. సగం పురుగులను ఆకుతో సహా తుంచి ఆ తీగ మీద వదిలితే మీ మొక్కకు తెరిపి దొరుకుతుంది. మిగిలినవి తిననివ్వండి. మొదలు గట్టిపడిన రత్నపురుష మళ్లీ చిగురు వేస్తుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి మళ్లీ

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. తూర్పు గోడకు, వేపకు మధ్య ఉన్న జాగాలో ఎరువు వేయకుండా పెట్టాలని నిర్ణయించుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. కొండాపురం వైపు రోడ్డు పక్కన బీటిలో ఈ మొక్కలు చాలా కనిపించాయి. రోడ్డు వెడల్పు చేస్తే ఎలాగూ పోతాయి కదా అని రెండు మొక్కలు పెకలించుకు రావచ్చా? రెండవది, మొక్క ఇంట్లో ఉంటే మా ఇంటి పెద్దాయన పొడి చేసి పాలలో తాగుతానంటున్నారు, ఆయన చక్కెర వ్యాధికి మందులు వాడుతున్నారు. అలా తాగవచ్చా?

జవాబు – నెల్లూరు నుంచి

పెకలించవద్దండీ. ఉదయగిరి వారు చెప్పిన తల్లివేరు కారణంగా అది మీ ఇంట బతకదు, అక్కడా ఉండదు. ఈ మొక్కను ఆయుర్వేదంలోనూ సిద్ధ వైద్యంలోనూ బలానికి, వీర్యవృద్ధికి సమూలంగా వాడతారు. అందుచేత మూలికలు ఏరేవారు కాయ రాలకముందే వేరుతో సహా లాగేస్తారు. ఒక్కో బీడులో అది కనబడకుండా పోవడానికి పెద్ద కారణం ఇదే. రోడ్డు పక్క మొక్కల నుంచి రెండు మూడు కాయలు మాత్రం తీసుకుని మిగతావి అక్కడే వదిలేయండి. రోడ్డు పని నిజంగా మొదలై యంత్రం వచ్చిందంటే అప్పుడు కాయలన్నీ కోసుకోండి. వెలికొండల రిజర్వు అడవిలోకి, పెనుశిల నరసింహ అభయారణ్యం వంటి చోట్లకు మాత్రం విత్తనం కోసం కూడా వెళ్లకండి. అక్కడ నుంచి ఏ మొక్క భాగం తెచ్చినా అటవీ చట్టం ప్రకారం నేరం.

మందు సంగతి: ఈ మొక్క సారం ఎలుకల రక్తంలో చక్కెరను తగ్గించినట్టు ప్రయోగాలు ప్రచురితమయ్యాయి. మందులు వాడే మనిషికి అది మేలు కన్నా ముప్పు తెచ్చే అవకాశం ఉంది, ఎందుకంటే ఆ మందులకు ఇది తోడై చక్కెర పడిపోవచ్చు. వయొలెట్ల కుటుంబమంతటా కనిపించే సైక్లోటైడ్లు అనే, గొలుసులాగ చుట్టుకున్న ప్రొటీన్లు దీనిలోనూ ఉన్నాయి. అవి జీవకణాల మీద గట్టిగా పనిచేసేవి. ఆయన వైద్యుణ్ణి అడగకుండా పొడి ముట్టుకోవద్దని చెప్పండి.

జవాబు – ఉదయగిరి వైపు నుంచి

నేలను కప్పుతుందా అని మొదట అడిగారు, దానికి ఎవరమూ జవాబు చెప్పలేదు. కప్పదు. నిలువుగా లేచే మొక్క, దుబ్బులు దుబ్బులుగా ఉంటుంది. మధ్య ఖాళీలో నేల కప్పు కావాలంటే విష్ణుక్రాంత చల్లుకోండి. అదీ ఈ ఎర్రగరపదే, ఎరువు అడగదు, ఉదయం పూట నీలంగా పూస్తుంది. గరిక మాత్రం రానివ్వకండి, వచ్చిందంటే తొలి ఏడాది రత్నపురుష మొలకలను అణిచేస్తుంది. చేత్తోనే పీకాలి. పారతో గొప్పు తవ్వితే మొలకలూ గరికా కలిసి పోతాయి.

చలికాలం చివర, కాయలన్నీ చిట్లాక, ఎండిన కొమ్మలను నేలకు రెండు వేళ్ల ఎత్తులో కత్తెరతో కత్తిరించండి, లాగకండి. ఆ చోట చుట్టూ నాలుగు రాళ్లు పెట్టండి. వేసవిలో అక్కడ ఏమీ కనిపించదు. పెరడు శుభ్రం చేయడానికి వచ్చినవారు ఖాళీ నేల అనుకుని పారతో గీకేయడం వల్ల పోయిన మొక్కలే ఎండకు పోయిన మొక్కల కన్నా ఎక్కువ. పనివారికి ముందే చెప్పి ఉంచండి.